గడప దాటని కొలువు

పొద్దున్నే పరుగుల్లేవు. క్యాబ్ కోసం ఎదురుచూపుల్లేవు. చొక్కాకి ఇస్త్రీ అక్కర్లేదు. వేళకి వేడివేడి అన్నం, కళ్లముందే పిల్లలు, నెల తిరిగేసరికి ఖాతాలో జీతం. ఇంటి నుంచి పని అంటే ఇంతకన్నా ఏం కావాలి అనిపిస్తుంది ఎవరికైనా. మరి ఇంట్లోనే, అయినవాళ్ల మధ్యే కూర్చుని పనిచేసుకుంటున్న మనిషికి దిగులెందుకు? రాత్రిళ్లు నిద్రెందుకు పట్టదు? చీటికీ మాటికీ ఆ చిరాకెందుకు?

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ. 25 నుంచి దేశమంతా లాక్‌డౌన్. మూడు రోజులు ఇంట్లో కూర్చోవడానికే ఆపసోపాలు పడిన జనం నెలల తరబడి గడప దాటకుండా ఉద్యోగాలు చేస్తారని అప్పటికి ఎవరూ అనుకోలేదు. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు దాన్ని సంచిలో వేసుకుని వెళ్లిపోయారు. లేనివాళ్లకు కంపెనీలే కంప్యూటర్లను వ్యాన్లకెక్కించి ఇంటికి పంపాయి. అప్పటిదాకా కాల్‌సెంటర్లు, బీపీవోల సిబ్బంది ఇంటి నుంచి పనిచేయాలంటే టెలికాం శాఖ నిబంధనలు సవాలక్ష అడ్డొచ్చేవి. ఆ మార్చిలోనే వాటిని సడలించారు. నవంబరుకల్లా ఆ సడలింపును శాశ్వతం చేశారు.

హైదరాబాద్‌లో అమీర్‌పేట, మాదాపూర్, కొండాపూర్ హాస్టళ్లు ఖాళీ అయ్యాయి. ఇంజినీరింగ్ చదువుకని ఇల్లు వదిలిన కుర్రాళ్లు, ఏ సంక్రాంతికో దసరాకో చుట్టపుచూపుగా వచ్చిపోయేవాళ్లు, ఏకంగా మూటాముల్లె సర్దుకుని సొంతూళ్లకు చేరారు. పాత టేబులు దుమ్ము దులిపి కిటికీ దగ్గరికి జరిపారు. సిగ్నల్ అందకపోతే డాబా ఎక్కారు. అమ్మానాన్నల ఆనందం అంతా ఇంతా కాదు. ఆ ఏప్రిల్‌లో టీసీఎస్ అయితే 2025 నాటికి తమ సిబ్బందిలో ఏ సమయంలోనైనా నాలుగో వంతు మంది ఆఫీసులో ఉంటే చాలని ప్రకటించింది. మూడున్నరేళ్లు తిరిగేసరికి, 2023 అక్టోబరు నుంచి, అదే సంస్థ వారానికి అయిదు రోజులూ ఆఫీసుకు రమ్మంది!

ఇప్పుడు ఒక్కో సంస్థది ఒక్కో దారి. కొన్ని పూర్తిగా రమ్మంటున్నాయి. కొన్ని వారంలో రెండు మూడు రోజులు ఇంటికి వదిలేస్తున్నాయి. అసలు ఆఫీసన్నదే లేకుండా నడిచేవీ ఉన్నాయి. ఈ ఏర్పాటు వల్ల పని ఎంత జరుగుతోందన్నది కంపెనీలు లెక్క వేసుకుంటాయి. పనిచేసే మనిషి ఎలా ఉన్నాడన్నది మాత్రం ఇంట్లోవాళ్లే చూడాలి. చిక్కంతా అక్కడే ఉంది.

ఇంట్లోనే ఉన్నాడుగా!

'మీ అబ్బాయి ఎలా ఉన్నాడు వదినా?' అని అడిగితే 'వాడికేం, ఇంట్లోనే ఉన్నాడుగా' అన్నది తెలుగిళ్లలో అలవాటుగా వచ్చేసే జవాబు. గ్యాస్ బండ వచ్చినా అదే మాట. చుట్టాల్ని స్టేషన్ నుంచి తీసుకురావాలన్నా, బ్యాంకులో నాన్న పింఛను సంగతి చూడాలన్నా అదే మాట. ఇంట్లో ఉన్నాడంటే ఖాళీగా ఉన్నట్టు, కళ్లముందు ఉన్నాడంటే బాగున్నట్టు మనకో లెక్క. ఆ రెండూ నిజం కాకపోవచ్చు.

ఆఫీసులో ఓ మనిషి నాలుగు రోజులుగా క్యాంటీన్‌కి రాకపోతే పక్క సీటువాళ్లకి తెలుస్తుంది. గడ్డం మాసినా, కళ్లు పీక్కుపోయినా 'ఏంటి బాస్, ఒంట్లో బాలేదా' అని ఎవరో ఒకరు భుజం మీద చెయ్యి వేస్తారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లకి ఆ పక్క సీటు లేదు. ఇంట్లో మనుషులున్నారు కదా అంటారేమో... తలుపు మూసి ఉంటే వాళ్లు మీటింగ్‌లో ఉన్నాడనుకుంటారు. చెవులకి హెడ్‌ఫోన్స్ ఉంటే ఎవరితోనో మాట్లాడుతున్నాడనుకుంటారు. పలకరిస్తే పనికి అడ్డమని అడుగుల చప్పుడు కూడా లేకుండా తిరుగుతారు. మీటింగ్ ఎప్పుడో ముగిసి, లైటు కూడా వేసుకోకుండా గోడకేసి చూస్తూ కూర్చున్నా తలుపుకి ఇవతల ఉన్నవాళ్లకి తెలిసే వీల్లేదు.

2024లో గ్యాలప్ సంస్థ ప్రపంచవ్యాప్తంగా ఉద్యోగుల స్థితిగతులపై విడుదల చేసిన నివేదికలో, పూర్తిగా దూరం నుంచే పనిచేసేవాళ్లలో 25 శాతం మంది ముందురోజు ఎక్కువసేపు ఒంటరితనం అనుభవించామని చెప్పారు. రోజూ పనిచోటుకు వెళ్లేవాళ్లలో అలా చెప్పినవాళ్లు 16 శాతమే. ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో నలుగురిలో ముగ్గురికి ఆ బాధ లేదన్నదీ ఈ అంకెలోనే ఉంది. కాబట్టి ఈ ఏర్పాటే చెడ్డదని తీర్మానించడం తొందరపాటు. ఎవరికి పడుతోంది, ఎవరికి పడటం లేదు అన్నదే తెలుసుకోవాల్సింది.

దారి చేసే మేలు

ఆఫీసుకు పోయిరావడాన్ని తిట్టుకోనివాళ్లుండరు. ఎల్‌బీ నగర్ నుంచి హైటెక్ సిటీకి బస్సులో వెళ్లొచ్చినవాళ్లని అడిగితే చెబుతారు, సగం జీవితం సిగ్నళ్ల దగ్గరే గడిచిపోయిందని. 2019 మార్చిలో అమీర్‌పేట నుంచి హైటెక్ సిటీకి మెట్రో వచ్చినప్పుడు ఊపిరి పీల్చుకున్నారంతా. ఆ తర్వాత ఏడాదికే ఆ దారే అక్కర్లేకపోయింది.

కానీ ఆ దారి మనకు తెలియకుండా ఒక పని చేసిపెట్టేది. పొద్దున బండి తీసి వీధి మలుపు తిరిగేలోపు ఇంటి గొడవ కాస్త వెనక్కి పోయేది. సాయంత్రం మేనేజరు అన్న మాట గుండెల్లో కలుక్కుమంటున్నా, కిటికీ పక్క సీట్లో అరగంట కూర్చుని, రెండు పాటలు విని, వీధి చివర బండి దగ్గర మిర్చిబజ్జీ తిని ఇంటికి చేరేసరికి ఆ పదును తగ్గేది. ఉద్యోగి వేషం తీసి నాన్న వేషం వేసుకోవడానికి ఆ గంటా తెర వెనక గదిలాంటిది. ఇప్పుడో? ల్యాప్‌టాప్ మూతకీ అన్నం కంచానికీ మధ్య దూరం నాలుగడుగులు. మేనేజరు మీద కోపం ఆ నాలుగడుగుల్లో చల్లారదు. హోంవర్కు చేయని పిల్లాడి వీపు మీద పడుతుంది.

ఈ సంగతి కంప్యూటర్ కంపెనీలకూ తెలిసొచ్చింది. 2020 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ తన టీమ్స్ సాఫ్ట్‌వేర్‌లో ఓ కొత్త సదుపాయం తెస్తున్నట్టు చెప్పింది. సాయంత్రం కాగానే పని ముగించమని గుర్తుచేసి, మిగిలినవి రేపటికి రాసిపెట్టించి, మనసును తేలికపరిచే ఏర్పాటు. దానికి వాళ్లు పెట్టుకున్న పేరు 'వర్చువల్ కమ్యూట్'... అంటే ఉత్తుత్తి ప్రయాణం! బస్సు వద్దనుకున్నవాళ్లకి బొమ్మ బస్సు అన్నమాట. నవ్వొచ్చినా, లోటు ఎక్కడుందో కనిపెట్టినందుకు మెచ్చుకోవాలి.

దారి మిగిల్చిన సమయం ఎటు పోయిందన్నది ఇంకో కథ. ఉత్తర అమెరికా, ఐరోపా, పశ్చిమాసియాల్లోని 16 నగరాల్లో 31 లక్షల మంది ఉద్యోగుల ఈమెయిళ్లు, మీటింగుల సమయాలను అమెరికా పరిశోధకులు లాక్‌డౌన్‌కి ముందూ తర్వాతా పోల్చి చూశారు. సగటు పనిదినం 48 నిమిషాలకు పైగా సాగినట్టు తేలింది. ఒక్కో మీటింగ్ నిడివి తగ్గింది కానీ మీటింగుల సంఖ్య పెరిగింది. 2022లో మైక్రోసాఫ్ట్ పరిశోధకులు మరో విచిత్రం గమనించారు. ఉద్యోగుల పనికి మామూలుగా రోజులో రెండు ఉద్ధృతులుంటాయి, భోజనానికి ముందొకటి, తర్వాతొకటి. కొందరిలో రాత్రి పడుకోబోయే ముందు మూడోది కూడా మొదలైంది. ఇంట్లో అందరూ పడుకున్నాక మళ్లీ తెర వెలుగుతోందన్నమాట.

ఎక్కువ గంటల పని ఒంటికి చేసే చెరుపు సంగతి తెలిసిందే. వారానికి 55 గంటలు, అంతకు మించి పనిచేసేవాళ్లకి, 35 నుంచి 40 గంటలు పనిచేసేవాళ్లతో పోలిస్తే పక్షవాతం ముప్పు 35 శాతం, గుండెజబ్బుతో చనిపోయే ముప్పు 17 శాతం ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ కలిసి 2021లో చెప్పాయి. మనసు మాటకొస్తే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లోనే 'బర్న్‌అవుట్' అనే మాటకి నిర్వచనం ఇచ్చింది. అది జబ్బు కాదు, తీరని పని ఒత్తిడి వల్ల కలిగే స్థితి. దానికి మూడు గుర్తులు. ఒంట్లో సత్తువంతా పిండేసినట్టుండటం, చేసే ఉద్యోగం మీద ఏవగింపు, తనవల్ల ఏదీ కావడం లేదన్న భావన.

షాంఘైలో ఏం జరిగింది?

కరోనాకి చాలా ముందే ఇంటి నుంచి పనిని శాస్త్రీయంగా పరీక్షించి చూసిన సంస్థ ఒకటుంది. చైనాలోని పెద్ద ట్రావెల్ కంపెనీ సీట్రిప్. షాంఘైలో ఆఫీసు అద్దెలు భరించలేక, కాల్‌సెంటర్ సిబ్బందిని ఇంటికి పంపితే ఎలా ఉంటుందని ఆలోచించింది. స్టాన్‌ఫర్డ్ ఆర్థికవేత్త నికొలస్ బ్లూమ్ బృందం సాయంతో 2010 డిసెంబరులో ప్రయోగం మొదలుపెట్టింది. ఇష్టపడి ముందుకొచ్చి, అర్హతలున్న 249 మందిని పుట్టినతేదీని బట్టి విడదీశారు. సరిసంఖ్య తేదీల్లో పుట్టినవాళ్లు వారానికి నాలుగు రోజులు ఇంట్లో, బేసి తేదీలవాళ్లు ఎప్పటిలాగే ఆఫీసులో. తొమ్మిది నెలలు చూశారు.

ఇంట్లో కూర్చున్నవాళ్ల పని 13 శాతం పెరిగింది. అందులో పెద్ద భాగం ఎక్కువ నిమిషాలు పనిచేయడం వల్లే, అంటే విరామాలూ సిక్ లీవులూ తగ్గడం వల్ల. ఉద్యోగం మానేసేవాళ్ల సంఖ్య సగానికి పడిపోయింది. కంపెనీ సంబరపడి ఈ అవకాశం అందరికీ ఇచ్చింది. ప్రయోగంలో ఉన్నవాళ్లనీ మళ్లీ కోరుకోమంది. తీరా చూస్తే ఇంటి నుంచి చేసినవాళ్లలో సగం మంది దాకా తిరిగి ఆఫీసుకు వస్తామన్నారు! ఇష్టపడి వెళ్లినవాళ్లే, ప్రయాణ శ్రమ తప్పినవాళ్లే. ఎందుకంటే వాళ్లు చెప్పిన ముఖ్యమైన కారణాల్లో ఒంటరితనం ఒకటి. పనితీరు బాగున్నా, దాంతో పోలిస్తే ప్రమోషన్లు రావడం తగ్గిందన్నదీ లెక్కల్లో తేలింది. కంటికి కనపడనివాళ్లు పైవాళ్ల మనసులోనూ మెదలరు మరి.

ఈ ప్రయోగాన్ని ప్రస్తావించేవాళ్లు తరచూ వదిలేసే సంగతి ఒకటుంది. అందులో చేరడానికి పెట్టిన అర్హతల్లో ఇంట్లో పనిచేసుకోవడానికి విడిగా ఓ గది ఉండటం కూడా ఒకటి. విడిగా గది, వారానికో రోజు ఆఫీసు, సొంత ఇష్టం... ఈ మూడూ ఉన్నా సగం మంది వెనక్కి వచ్చారు. 2020లో మనవాళ్లకి ఈ మూడింట్లో ఎన్ని ఉన్నాయి? రెండు పడకగదుల ఫ్లాట్‌లో ఇద్దరు ఉద్యోగులు, ఆన్‌లైన్ తరగతుల పిల్లలు, టీవీ చూసే పెద్దలు ఉన్న ఇంట్లో ఇస్త్రీబల్లే ఆఫీసైపోయింది.

అదే కంపెనీలో, ట్రిప్ డాట్ కామ్‌గా పేరు మారాక, 2021-22లో మరో ప్రయోగం చేశారు. 1612 మంది మీద ఆరు నెలలు. ఈసారి వారానికి రెండు రోజులే ఇల్లు, మిగతా మూడు రోజులు ఆఫీసు. 2024లో నేచర్ పత్రికలో వచ్చిన ఫలితాల ప్రకారం పనితీరులో, ప్రమోషన్లలో తేడా ఏమీ రాలేదు. ఉద్యోగం వదిలేసేవాళ్లు మాత్రం మూడోవంతు తగ్గారు. ముఖ్యంగా ఆడవాళ్లు, దూరాల నుంచి వచ్చేవాళ్లు. ఇంటి నుంచి పని మందులాంటిదనుకుంటే మోతాదు ఎంతో ఇక్కడ కొంత తెలుస్తుంది.

అద్దంలో తన మొహం తనకే

రోజంతా కుర్చీలోంచి లేవకుండా మాట్లాడింది నాలుగు మాటలే. అయినా సాయంత్రానికి బస్తాలు మోసినంత నీరసం. వీడియో మీటింగులతో ఈ బడలిక ఎందుకొస్తుందో స్టాన్‌ఫర్డ్‌లోనే పనిచేసే జెరెమీ బైలెన్సన్ 2021లో వివరించారు. మామూలు మీటింగ్‌లో అందరూ మాట్లాడేవాడి వంక చూస్తారు. తెర మీద అందరి కళ్లూ ఎప్పుడూ మన మీదే ఉన్నట్టుంటుంది, అదీ అతి దగ్గరగా. పైగా మన మొహం మనకే కనపడుతూ ఉంటుంది. ఆఫీసులో ఎవరైనా రోజంతా మీ ముందు అద్దం పట్టుకుని తిరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోండి! కెమెరా చట్రంలో ఇమిడి ఉండాలి కాబట్టి కదలడానికి లేదు. తల ఊపినా నవ్వినా అవతలివాళ్లకి అర్థమయ్యేలా కాస్త ఎక్కువ చేసి చూపించాలి. అదంతా మెదడుకి అదనపు పనే. తన మొహం తనకి కనిపించకుండా చేసుకునే బొత్తం చాలా సాఫ్ట్‌వేర్లలో ఉంటుంది. అది నొక్కడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

అమెరికా క్లయింట్లతో పనిచేసేవాళ్లకి దీనికి తోడు గడియారం గొడవ. న్యూజెర్సీలో ఉదయం పదంటే మనకు రాత్రి ఏడున్నర, అక్కడి చలికాలంలో ఎనిమిదిన్నర. సరిగ్గా పిల్లలకు అన్నాలు పెట్టే వేళకి మీటింగ్ మొదలవుతుంది. డాలస్‌లో ఉన్న తెలుగు కుర్రాడికి ఇదే తిరగేసి. పగలు అక్కడి పని, రాత్రి తొమ్మిదికి హైదరాబాద్ బృందంతో మాటలు. ఆఫీసుకెళ్లి నైట్ షిఫ్ట్ చేసే రోజుల్లో కనీసం అదో పద్ధతిగా ఉండేది. ఇంట్లో పగలు ఇంటివాళ్ల పగలు, రాత్రి ఆఫీసు పగలు. నిద్ర ఎక్కడో మధ్యలో చిక్కుకుంటుంది. మన ఒంట్లోని గడియారాన్ని సరిచేసేది ప్రధానంగా ఉదయపు వెలుతురు. పరదాలు వేసిన గదిలో తొమ్మిదింటికి లేచి తెర ముందు కూర్చునే మనిషికి ఆ వెలుతురే తగలదు. నిద్ర చెడితే మనసు చెడుతుంది, మనసు చెడితే నిద్ర పట్టదు.

ఆమెకి రెండు ఆఫీసులు

ఇంటి నుంచి పని ఆడవాళ్లకి వరమని అందరూ అంటారు. చాలావరకు నిజమే. 2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి సెలవును 26 వారాలకు పెంచినప్పుడు, ఆ తర్వాత కూడా యాజమాన్యంతో ఒప్పందం మీద ఇంటి నుంచి పనిచేసే వీలు గురించి అందులో రాశారు. పాపాయి పుట్టాక ఉద్యోగం వదిలేయాల్సి వచ్చే అమ్మాయికి అది ఎంత ఊరటో చెప్పనక్కర్లేదు.

కానీ ఇల్లంటే ఆమెకి విశ్రాంతి చోటు ఎప్పుడు గనక? జాతీయ గణాంక కార్యాలయం 2019లో జనం రోజులో సమయాన్ని ఎలా గడుపుతారో లెక్క తీసింది. ఆడవాళ్లలో 81 శాతం మంది జీతంలేని ఇంటిపని చేస్తుంటే మగవాళ్లలో 26 శాతమే. చేసేవాళ్లలోనూ ఆమె రోజుకు సగటున 299 నిమిషాలు, అతను 97 నిమిషాలు. అయిదేళ్ల తర్వాత 2024లో మళ్లీ చూస్తే ఆమెది 289కి దిగింది, అతనిది 88కి! ఆమెకి పది నిమిషాలు తగ్గితే అతను తొమ్మిది తగ్గించుకున్నాడన్నమాట.

ఆఫీసుకెళ్లే రోజుల్లో ఆమె పొద్దున్నే వండిపెట్టి తొమ్మిదింటికి బయటపడేది. ఆ తర్వాత ఎనిమిది గంటలు 'ఇంట్లో లేదు' అన్నదే రక్షణ కవచం. ఇప్పుడు ఇంట్లోనే ఉంది కాబట్టి పదకొండింటికి మామగారికి మజ్జిగ, ఒంటిగంటకి వేడిగా అన్నం, నాలుగింటికి బడి నుంచి వచ్చిన పిల్లలకి తినడానికేదైనా. పనిమనిషి రాని రోజైతే సరేసరి. భర్త మీటింగ్‌లో ఉంటే తలుపు వేస్తారు, ఆమె మీటింగ్‌లో ఉంటే కుక్కర్ కూతలు వినపడకుండా మ్యూట్ బొత్తం నొక్కుకుంటుంది. పగలు ముక్కలైన పని రాత్రి పదకొండుకి పూర్తవుతుంది. పెరటి చెట్టు మందుకు పనికిరాదన్నట్టు, కళ్లముందు చేసే ఉద్యోగానికి ఇంట్లోవాళ్ల దగ్గరే విలువ తక్కువ. ఆమె చిరాకుపడితే 'హాయిగా ఇంట్లో కూర్చుని చేసేదానికే ఇంతా!' అంటారు. ఆ మాటే ఎక్కువ బాధిస్తుంది.

మగ్గం ఇంట్లోనే ఉంది

ఇంటి నుంచి పని మనకి కొత్త కాదు. పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి... ఏ నేతన్న ఇంటికెళ్లినా గుంటమగ్గం ఇంట్లోనే ఉంటుంది. కుమ్మరి సారె, కంసాలి కుంపటి, మేరవాళ్ల మిషను అన్నీ ఇంటి వాకిట్లోనే. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో లక్షల బీడీలు తయారయ్యేది ఇళ్లలోనే. ఆకూ తంబాకూ చాటలో పెట్టుకుని ఆడవాళ్లు ఇంటి ముందే కూర్చుని చుడతారు.

వాటిని గొప్పగా చెప్పుకోవడానికేం లేదు. కూలి తక్కువ, తంబాకు ఘాటుతో రోగాలు ఎక్కువ. నేత ఇళ్లలో ఆసు పోసి పోసి భుజాలు పడిపోయిన అమ్మ అవస్థ చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రాన్ని కనిపెట్టారు. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. అంటే ఇల్లే పనిచోటైతే మనిషి ఎంత అరిగిపోతాడో ఆ ఇళ్లకి ఎప్పటినుంచో తెలుసు.

అయినా ఆ పనికీ ఈ పనికీ ఓ తేడా ఉంది. అతను నేస్తుంటే ఆమె పక్కనే కండెలు చుడుతుంది. చీర ఎంతవరకూ వచ్చిందో బడి నుంచి వచ్చిన పిల్లకి కూడా కనపడుతుంది. బీడీలు చుట్టే ఆడవాళ్లు నలుగురూ ఒక అరుగు మీదకి చేరతారు, చేతులు తమ పని తాము చేసుకుపోతుంటే నోళ్లు ఊరి కబుర్లన్నీ చెప్పుకుంటాయి. పని ఇంట్లోనే, కానీ పనివాళ్లు ఒంటరివాళ్లు కాదు. ల్యాప్‌టాప్‌లో ఏం జరుగుతోందో మాత్రం పక్కనే ఉన్న భార్యకీ తెలీదు, అమ్మకి అసలే అర్థం కాదు. ప్రాజెక్టు పోయే ప్రమాదంలో ఉందని, బెంచ్ మీద కూర్చోబెట్టారని, కొత్తగా వచ్చిన మేనేజరు సతాయిస్తున్నాడని ఎవరికి చెప్పుకోవాలి? 2020, 2021ల్లో ఉద్యోగాల్లో చేరిన పిల్లల్లో ఎంతోమందికి ల్యాప్‌టాప్ కొరియర్‌లో వచ్చింది. తోటివాళ్లను నెలల తరబడి తెరమీద గళ్లలోనే చూశారు. చెప్పుకోవడానికి వాళ్లకి మనుషులే తయారవలేదు.

తలుపు తట్టాల్సిందెప్పుడు?

నాలుగు రోజుల చిరాకు అందరికీ ఉంటుంది. కానీ దిగులుగా ఉండటం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం, నిద్రా ఆకలీ బాగా తగ్గడమో పెరగడమో, ఏకాగ్రత లేకపోవడం, తాను పనికిరాననుకోవడం... ఇలాంటివి రోజూ, రోజులో ఎక్కువసేపు, రెండు వారాలకి మించి ఉంటే అది డిప్రెషన్ కావచ్చని డాక్టర్లు చెబుతారు. ఇంటి నుంచి పనిచేసేవాళ్లలో ఇది కొన్ని వేషాల్లో వస్తుంది. స్నానం సాయంత్రానికి జరుగుతుంది. కంచం గదిలోకే పోతుంది. వారాంతంలోనూ గది తలుపు తెరుచుకోదు. స్నేహితుల ఫోన్లు మోగి మోగి ఆగిపోతాయి. 'పని ఎక్కువగా ఉందమ్మా' అన్న మాట అన్నింటికీ జవాబవుతుంది. కొందరిలో రాత్రి పని ముగిశాక మందు సీసా కొత్తగా వచ్చి చేరుతుంది. చావు గురించిన మాట ఏ రూపంలో వచ్చినా, ఎగతాళిగా అన్నా సరే, తేలిగ్గా తీసుకోకూడదు.

నిమ్‌హాన్స్ 2015-16లో జరిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం మనదేశంలో ప్రతి ఇరవై మందిలో ఒకరిని డిప్రెషన్ బాధిస్తోంది. మానసిక సమస్యలున్నవాళ్లలో 70 శాతానికి పైగా చికిత్స దాకా రావడం లేదు. నలుగురికీ తెలిస్తే పెళ్లి సంబంధాలు రావేమోనన్న భయం, డాక్టరు దూరం కావడం, అసలు అది జబ్బని తెలియకపోవడం, అన్నీ కారణాలే. 2022 అక్టోబరు 10న కేంద్రం టెలిమానస్ సేవ ప్రారంభించింది. 14416 నంబరుకి ఫోన్ చేస్తే చాలు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఏ వేళలోనైనా, ఉచితంగానే. బాధలో ఉన్న మనిషే చేయాలని లేదు, ఇంట్లోవాళ్లు కూడా ఏం చేయాలో అడగొచ్చు.

అడిగే తీరులోనూ తేడా ఉంది. 'ఎందుకలా ఉన్నావ్? నీకేం తక్కువ?' అంటే తలుపు ఇంకా బిగుసుకుంటుంది. 'రా, అలా వీధి చివరిదాకా నడిచొద్దాం' అంటే లేచి వస్తారు. పక్కపక్కన నడుస్తుంటే ఎదురుగా చూడనక్కర్లేదు, మాట తేలిగ్గా బయటికొస్తుంది. పనికి కూర్చునే ముందు ఓసారి, ముగించాక ఓసారి అలా నడిచొచ్చే అలవాటు చేసుకున్నవాళ్లకి పోయిన దారి కొంతైనా తిరిగొస్తుంది. పొద్దుటి ఎండ ఎటూ లాభమే. పడగ్గదిలో కాకుండా ఇంకెక్కడ పనిచేసినా మేలే. అది కుదరని ఇళ్లలో పని అవ్వగానే ల్యాప్‌టాప్‌ని బీరువాలో పెట్టేయడం కూడా ఓ రకంగా ఆఫీసు తలుపు వేయడమే.

అయితే భారమంతా ఉద్యోగి మీదా ఇంటివాళ్ల మీదా వేసి, రాత్రి పదింటికి మెసేజ్ పెట్టే మేనేజరుని వదిలేస్తే ఎలా? పనివేళల తర్వాత ఆఫీసు సందేశాలకు దూరంగా ఉండే హక్కుని ఫ్రాన్స్ 2017లో చట్టంలోకి తెచ్చింది. పోర్చుగల్ 2021లో ఇంకాస్త ముందుకెళ్లి, వేళ మించాక ఉద్యోగిని కదిపిన యజమానికి జరిమానా అంది. మనదేశంలో ఎంపీ సుప్రియా సూలే ఇలాంటి ప్రైవేటు బిల్లుని 2018లో లోక్‌సభ ముందుంచారు కానీ అది చట్టం కాలేదు.

ఇల్లు కాదు... ఇంటి దగ్గర

దూరం నుంచి పనిచేయడమనే ఆలోచనకి ఆద్యుడిగా చెప్పుకునేది అమెరికాకి చెందిన జాక్ నిల్స్‌ని. ఉపగ్రహాల రంగం నుంచి వచ్చిన ఇంజినీరాయన. లాస్ ఏంజెలెస్ ట్రాఫిక్ చూసి విసిగిపోయి, మనుషులు పని దగ్గరకి పోయే బదులు పనే మనుషుల దగ్గరికి వస్తే ఏం పోయిందన్నారు. 1973లో దానికి 'టెలికమ్యూటింగ్' అని పేరు పెట్టారు. సరిగ్గా చమురు సంక్షోభం ముంచుకొచ్చిన ఏడాది. ఓ బీమా సంస్థ సిబ్బందితో ప్రయోగం చేసి చూశారు కూడా. అయితే ఆయన వాళ్లని ఇళ్లలో కూర్చోబెట్టలేదు. నగరం నడిబొడ్డున ఉన్న పెద్ద ఆఫీసుకి బదులు ఉద్యోగుల ఇళ్లకి దగ్గర్లో చిన్నచిన్న ఆఫీసులు పెట్టించారు. గడప దాటాలి, నాలుగు మొహాలు చూడాలి, కానీ నగరమంతా ఈదనక్కర్లేదు.

2025 ఫిబ్రవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి చంద్రబాబునాయుడు, ముఖ్యంగా మహిళల కోసం, ఇంటి నుంచి పనిని పెద్దఎత్తున ప్రోత్సహిస్తామని ప్రకటించారు. ఆ ప్రకటనలో ఇంటి నుంచి పనితో పాటు ఇంటి చుట్టుపక్కలే నలుగురూ కలిసి కూర్చుని పనిచేసుకునే చోట్ల మాట కూడా ఉంది. అలాంటి గది ఓ మండల కేంద్రంలో ఉంటే ఎలా ఉంటుంది? పిల్లల్ని బడిలో దింపి, బస్టాండు పక్కనున్న ఆ గదికి నడిచి వెళ్లి, బెంగళూరు కంపెనీ పని చేసుకునే అమ్మాయి మధ్యాహ్నం క్యారేజీ విప్పేటప్పుడు పక్క కుర్చీలో పుణె కంపెనీ పని చేసుకునే ఇంకో అమ్మాయి ఉంటుంది. సాయంత్రం అయిదున్నరకి ఇద్దరూ కలిసే బయల్దేరతారు, దారిలో కూరగాయలు కొనుక్కుంటూ.